గుర్రం కాళ్ళ ముందు బొట్టు

మొన్న బుధవారం మధ్యాహ్నం అన్నం తిని అలా నడుం వాల్చానో లేదో, ముందుగదిలో ఎవరో చిటిక వేసినట్టు వినిపించింది. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. గరాచర్మలో మా వీధి జనమంతా పొద్దున్నే బస్సెక్కి ఊళ్ళోకి ఉద్యోగాలకు పోతారు కాబట్టి పలకరించడానికి వచ్చేవాళ్ళూ ఉండరు. లేచి వెళ్ళి చూస్తే, గోడకు వేలాడుతున్న మాండొలిన్ తీగ ఒకటి దానంతటదే తెగి, చుట్టలు తిరిగి కిందికి జారి ఉంది. మా ఆవిడ పోయి రెండు వర్షాకాలాలు దాటాయి. అప్పటినుంచీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఈ దీవుల్లో ఉప్పుగాలికి తలుపు గడియలే తుప్పు పట్టి రాలిపోతాయి, ఇక సన్నటి తీగ ఎంత. ఆ మాట నాకు నేను రెండుసార్లు చెప్పుకున్నాను. అయినా వెళ్ళి వంటింట్లోకి ఒకసారి తొంగి చూశాను. ఒక్క క్షణం, వంటింట్లోంచి ఆవిడే వచ్చి దాన్ని ముట్టుకుందనుకున్నాను మరి.

అది గొప్ప వాయిద్యమేమీ కాదు. ఫీనిక్స్ బే జెట్టీలో టిక్కెట్ల కౌంటర్లో పనిలో చేరిన కొత్తలో, బజార్లో ఒక దుకాణంలో కొన్నాను. అద్దాల పెట్టెలో ఖరీదైనవి రెండు మెరుస్తుంటే వాటి వంక కన్నెత్తి చూడకుండా, ఇది ఇవ్వమన్నాను. ప్లైవుడ్డు పొట్ట, మందంగా పూసిన వార్నిషు, తిప్పితే కిర్రుమనే మరలు. నేర్చుకునేవాళ్ళకు ఇది చాలు, నేర్చుకున్నాక మంచిది కొనుక్కోవచ్చు అన్నాడు దుకాణదారు. నేను నేర్చుకున్నదీ లేదు, మంచిది కొన్నదీ లేదు. ముప్పై ఏళ్ళలో నాకు పట్టుబడినవి మూడు పాటలు, అందులో ఒకటి సగమే. పగలంతా కౌంటరు కిటికీలో జనంతో అరిచి అరిచి వచ్చాక, సాయంత్రం ఆ మూడూ తిప్పి తిప్పి వాయించుకుంటే ప్రాణం కుదుటపడేది.

వాయించేది నేనే అయినా, ఆ వాయిద్యం నాది కాదు, ఆవిడది. నాకు చెవి లేదు. తీగలు మాండొలిన్‌కు జతలు జతలుగా ఉంటాయి, నాలుగు జోడీలు, మొత్తం ఎనిమిది. జోడీలో రెండూ ఒక్కలాగే పలకాలి. పలుకుతున్నాయో లేదో నాకు చచ్చినా తెలిసేది కాదు. నేను మొదలుపెట్టిన రెండో నిమిషానికల్లా వంటింట్లోంచి వినపడేది: "ఏటయ్యా, ఇనబడ్డంలేదా? రెండో జోడీ దిగిపోనాది." ఏదీ, బాగానే ఉంది కదా అంటే, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, నా ఒళ్ళోంచి లాక్కుని, మర అరచుట్టు తిప్పి, మళ్ళీ ఒళ్ళో పడేసి వెళ్ళిపోయేది. మరల మీద నా చెయ్యి పడనిచ్చేది కాదు. "నువ్వు తిప్పితే తెంచేస్తావు" అనేది. ఆ మాటా నిజమే. మొదటి ఏడాది మూడు తెంచాను.

ఆవిడకా చెవి సంగీతం పాఠాలతో వచ్చింది కాదు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ వలలు వేసుకున్న కుటుంబం వాళ్ళది. చిన్నప్పుడు నాన్న పడవ ఎప్పుడొస్తుందా అని గట్టు మీద కూర్చుని, కూత వినగానే ఏ బోటో చెప్పేసేదట. మా పెళ్ళయ్యాక జెట్టీ దగ్గర క్వార్టర్లో ఉండేవాళ్ళం. డిగ్లీపూర్ వెళ్ళే బోటు బయలుదేరేటప్పుడు పొడుగ్గా ఒక కూత కూసేది. ఆవిడ శ్రుతి అదే. మాండొలిన్ సిద్ధంగా పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఆ కూతకు రెండో జోడీ కలిపేది. మిగిలిన జోడీలన్నీ దాన్నిబట్టే: ఒక జోడీని ఏడో మెట్టు మీద నొక్కితే పక్క జోడీ స్వరం రావాలి, అంతే లెక్క. బోటు ఆలస్యమైతే నా సంగీతమూ ఆలస్యమే. ఒకసారి భజనకు తీసుకెళ్తే, హార్మోనియం వాయించే ఆయన ఎంత వెతికినా మాకు మెట్టు దొరకలేదు. "భయ్యా, మీది తెల్ల మెట్టుకీ కాదు, నల్ల మెట్టుకీ కాదు" అని విసుక్కున్నాడు. ఆవిడ ఆడవాళ్ళ వరసలోంచే, "మా బోటు ఆ రెండింటి మద్దినించి ఎల్తాది" అంది. భజన మొత్తం ఆగిపోయి నవ్వారు. నేను తలెత్తలేదు.

ఉద్యోగం అయిపోయాక గరాచర్మ వచ్చేశాం. ఇక్కడికి కూత వినపడదు. అప్పటికా బోటు కూడా లేదు, దాన్ని తీసేసి వేరేది వేశారు. అయినా ఆవిడకు ఇబ్బంది లేకపోయింది. కళ్ళు మూసుకుని గొంతులో సన్నగా కూత కూసి, దానికే కలిపేది.

దసరాకు మా ఇంట్లో కత్తిపీటకు, కుట్టుమిషనుకు, నా సైకిలుకు ఒక్కో బొట్టు పెట్టేది. మాండొలిన్‌కు మాత్రం పొట్ట మీద రెండు, నూనెలో తడిపిన కుంకంతో. సైకిలుకే ఒకటి పెట్టినదానివి దీనికి రెండెందుకే అని అడిగితే, "దానికి రెండు కాళ్ళు గదా" అంది. మాండొలిన్‌కు కాళ్ళేమిటి, వేళాకోళం అనుకుని ఊరుకున్నాను.

సరే, తీగ తెగింది కదా. మర్నాడు బస్సెక్కి బజారుకు వెళ్ళి కొత్త తీగల కట్ట కొనుక్కొచ్చాను. దుకాణం ఇప్పుడు పాతాయన కొడుకు నడుపుతున్నాడు, నలభై దాటినవాడు. ఒకటి పోయిందంటే మిగతావీ పోతాయి, అన్నీ మార్చెయ్యమన్నాడు. ఇంటికొచ్చి, నా బుద్ధికి తోచినట్టు మరలన్నీ వదులు చేసి, ఎనిమిది తీగలూ ఒకేసారి ఊడదీశాను. ఆఖరి తీగ వదులైన మరుక్షణం, పొట్ట మీద తీగలను ఎత్తిపట్టి ఉంచే చిన్న చెక్కముక్క టప్పున ఊడి, దొర్లుకుంటూ కుర్చీ కిందికి పోయింది. అది జిగురుతో అతికి ఉంటుందని ముప్పై ఏళ్ళుగా నా నమ్మకం. విరగ్గొట్టానేమోనని భయపడి దుకాణానికి ఫోను చేశాను.

"అన్నీ ఒకేసారి తీసీసినారా అంకుల్?" అన్నాడు. "ఒక్కోటీ మార్చాలి. ఘోడీ అతికించి ఉండదు, తీగల బరువుకే నిలబడతాది."

"ఘోడీ ఏమిటి నాయనా?"

"అదే, ఆ చెక్కముక్క. మన తెలుగులో గుర్రం అంటారు కదా. దాని జాగా మారితే పై మెట్ల మీద స్వరం అంతా గలత్ వస్తాది. గుర్రం కాళ్ళు ఎక్కడున్నాయో గీత గీసి నిషాన్ పెట్టుకున్నారా, లేదా?"

లేదన్నాను. నేను ఆ మాట అంటున్నప్పుడు నా కుడిచేతిలో తడిగుడ్డ ఉంది. తీగలు తీశాను కదా, రెండేళ్ళ దుమ్ము, శుభ్రంగా తుడిచేద్దామని ఫోను చెవికి ఆనించుకునే తుడుస్తున్నాను. కాళ్ళు అన్న మాట అప్పుడు చెవిలోంచి లోపలికి దిగింది. గుడ్డ వైపు చూశాను. ఎర్రగా ఉంది.

నా అంత మూర్ఖుడు ఈ దీవుల్లో ఇంకొకడు ఉండడు. లావు తీగల వైపు బొట్టు పూర్తిగా పోయింది. సన్న తీగల వైపుది మాత్రం, గుడ్డ ఇంకా అక్కడికి రాకపోవడం వల్ల మిగిలింది. వంగి చూస్తే, దాని వెనక అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది, కాలికి ఆనించి పెట్టిన బొట్టు మరి. భక్తి అనుకున్నది గుర్తు కూడా అన్నమాట. ఏటేటా దసరాకు, గుర్రం జరగలేదు కదా అని చూసి, దాని రెండు కాళ్ళ ముందూ రెండు బొట్లు దిద్దేది. నాకెందుకు చెప్పలేదంటే, చెప్పింది కదా. నేను వినలేదు. ఫోనులో దుకాణదారు హలో, హలో అంటున్నాడు. నేను కూర్చుని ఏడ్చాను. ఆవిడ పోయినరోజు బంధువుల ముందు కూడా అలా ఏడవలేదు.

ఆ సాయంత్రమంతా పట్టింది. ఆవిడ చేసేటట్టే, పైన తీగలు ఆనే గాడుల్లో పెన్సిలు ముక్కు రుద్దాను, తీగ పట్టెయ్యకుండా జారడానికి. గుర్రం ఒక కాలు ఆవిడ బొట్టుకు ఆనించాను. రెండో కాలికి ఆనవాలు లేదు కాబట్టి, మళ్ళీ ఫోను చేస్తే దుకాణదారు చెప్పిన పద్ధతి: తీగను ఊరికే మీటాలి, పన్నెండో మెట్టు మీద నొక్కి మీటాలి, రెండూ ఒకే స్వరం పైదీ కిందదీగా రావాలి. రాకపోతే కాలు వెంట్రుకవాసి జరపాలి. నాకు చెవి లేదు కనుక వినే పని ఫోనుకు అప్పజెప్పాను. అందులో ఒక ముల్లు అటూ ఇటూ ఊగి, సరిపోగానే పచ్చరంగు చూపిస్తుంది. ఆ మొదటి ఏడాది తర్వాత మళ్ళీ ఇన్నేళ్ళకు మరలు నా చేత్తో బిగించాను. ఒక్క తీగా తెగలేదు. చెప్పుకుందామంటే ఎవరున్నారు.

బోటు శ్రుతి మాత్రం దొరకలేదు. కళ్ళు మూసుకుని ఆవిడలా కూత కూసి చూశాను, ఒక్కో సారికి ఒక్కో బోటు వచ్చింది. చివరికి ఎనిమిది తీగలకూ ఫోను పచ్చరంగు చూపించిన చోటే ఆపాను. నాకు బాగా వచ్చిన పాట వాయించాను. ఏ హార్మోనియం ఆయన విన్నా వంక పెట్టలేడు. నాకు మాత్రం పక్కింట్లోంచి వస్తున్నట్టుంది.

అప్పుడొక పిచ్చిపని చేశాను. రెండో జోడీలో ఒక మర అరచుట్టు వెనక్కి తిప్పి, తీగను దింపాను. నా చెవికి కూడా తెలిసేంతగా దింపాను. దింపి అదే పాట మళ్ళీ మొదటినుంచి అందుకున్నాను. రెండో నిమిషం వచ్చింది. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంటోంది, పంపు దగ్గర గిన్నెలో చుక్క పడుతోంది. పాట చివరిదాకా వాయించాను, ఎవరూ ఏమీ అనలేదు. ముప్పై ఏళ్ళపాటు నా తప్పు రెండు నిమిషాలకు మించి బతకలేదు, ఇప్పుడు దానికి కావలసినంత కాలం ఉంది.