మెరుగు పెట్టిన ఇంజన్

మేము వరంగల్ శివారులో దిగేసరికి తెల్లారుతోంది. వాన. మూడు ట్రక్కులు, రెండు రబ్బరు పడవలు, తాళ్లు, టార్పాలిన్లు, నలభై మంది మనుషులం. వాగులు పొంగి ఊళ్లు మునిగాయని మమ్మల్ని పక్క రాష్ట్రం నుంచి పంపారు. బస ఒక పాత పత్తి గోదాములో. నేలంతా తడి. నిరుడు మిగిలిన దూది గోడల పక్కన నాని కుళ్లిన వాసన కొడుతోంది. మంచాలు లేవు. చెక్కల మీద టార్పాలిన్ పరుచుకుని పడుకోమన్నారు. అందరూ పడుకున్నారు. నేను పడుకోలేదు. నా పని బండ్లతో.

ఏ దళమో, ఏ నంబరు బెటాలియనో రాయకు బిడ్డా. యూనిఫాం వేసుకునే ఉద్యోగం అని రాయి, చాలు. నేను అందులో ఫిట్టర్ని. ఇంజన్లు విప్పడం, బిగించడం. ఆ సెక్షన్‌లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. మా అమ్మగారి ఊరు డోర్నకల్. ఇంటి ముందు నుంచి రోజంతా రైలింజన్లు పోయేవి, వచ్చేవి. నూనె వాసన, పొగ వాసన నాకు పాల వాసనతో పాటే తెలుసు. సొంత గడ్డ మీదికి డ్యూటీకి రావడం నాకు అదే మొదటిసారి. అదే ఆఖరిసారి కూడా, ఆ తర్వాత రిటైరయ్యాను కదా. మన మనుషుల మధ్యకు పోతున్నామని లోపల సంబరపడ్డాను. నవ్వకు. నిజంగానే సంబరపడ్డాను.

సంబరం మొదటి రోజే పోయింది. పాలంపేట దారి మీద మోకాలి లోతు నీళ్లు. ట్రక్కు వెనక అన్నం పొట్లాలు, మందులు. ఒక మలుపు దగ్గర ఇరవై మంది రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. దిగి నమస్కారం పెట్టాను. ఒకతను నా ముఖం మీదే అన్నాడు:

"మూడు దినాల సంది గోస పడుతాన్నం. ఇప్పుడొచ్చిన్రా ఫోటోలు దిగనీకి?"

"ఫోటోలు కాదన్నా, అన్నం తెచ్చినం."

"నీ అన్నం నువ్వే తిను."

పొట్లాలు మాత్రం తీసుకున్నారు. తీసుకుంటూనే తిట్టారు. బండి కదిలాక వెనక నుంచి ఒక రాయి వచ్చి టెయిల్‌బోర్డుకు తగిలింది. మా డ్రైవర్‌ది పాలకుర్తి. వయసులో నాకంటే చిన్నవాడు. అద్దంలో వెనక్కి చూసి, "అత్తగారింటికొచ్చినట్టే ఉన్నది గదా అక్కా" అన్నాడు.

సాయంత్రానికి మూడు బండ్లలో ఒకటి పడవలతో వేరే వైపు వెళ్లిపోయింది. రెండోదాని క్లచ్‌లోకి నీళ్లు పోయి గోదాము ముందే కూలబడింది. మిగిలింది మాదొక్కటే. పాత బండి. ముందు ముక్కు ఉంటుంది, బానెట్ పైకి లేస్తుంది. దాన్ని లేపి చూస్తే లోపల ఇంజన్ కనబడలేదు. అంతా ఒండ్రు మట్టి. ఫ్యాన్ చుట్టూ వరిగడ్డి. వైర్ల మీద నాచు. బ్యాటరీ పక్కన ఒక కప్ప, బతికే ఉంది. నన్ను చూసి కదల్లేదు కూడా.

అప్పుడొచ్చాడు మా సాబ్. మా టుకిడీకి, అంటే ఈ నలభై మందికి, ఆయనే పెద్ద. హైదరాబాదీ మనిషి. గొంతు ఎప్పుడూ కిందికి దిగదు.

"రేపు పెద్ద సాబ్ వస్తుండు. ఈ బండే చూపెడతం. ఇంజన్ చమకాయించాలె, సమజైందా?"

ఇది నీకు చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. మా దగ్గర ఒక అలవాటు ఉండేది. పెద్ద అధికారి తనిఖీకి వస్తే బండి చుట్టూ తిరగడు, టైర్లు తన్నడు. బానెట్ లేపమంటాడు. జేబులోంచి తెల్ల రుమాలు తీసి ఇంజన్ మీద ఒకసారి రుద్దుతాడు. రుమాలు తెల్లగా ఉంటే యూనిట్ మంచిది. నల్లగా వస్తే ఆ యూనిట్ పెద్దకు ఆ ఏడాది మూడినట్టే. రుమాలుకు భయపడి బతికిన మగాళ్లను నేను చాలామందిని చూశాను. తుపాకికి భయపడనివాళ్లు కూడా దానికి భయపడేవాళ్లు.

తెల్లారగానే మొదలుపెట్టాను. ముందు బ్యాటరీ వైరు ఊడదీశాను. గాలి లోపలికి పోయే గొట్టానికి, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు పాలిథిన్ చుట్టి కట్టాను. కప్పను పారతో తీసి గోడ అవతల వేశాను. రేడియేటర్ సందుల్లో ఇరుక్కున్న గడ్డిని చీపురు పుల్లలతో ఒక్కొక్కటే లాగాను. అక్కడ నీళ్లు గట్టిగా కొట్టకూడదు. ఆ సన్న రేకులు వంగిపోతే ఇంజన్‌కు గాలి ఆడదు, మైలు పోకముందే ఉడికిపోతుంది. తర్వాత బకెట్‌తో మెల్లగా కడిగాను. బెల్టు చూశాను, ఆయిల్ చూశాను, ఫిల్టర్ ఆరబెట్టి బిగించాను. పాలిథిన్ విప్పి, వైరు తగిలించి స్టార్ట్ చేశాను. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. అప్పటికి ఏడు గంటలు. నా లెక్కలో ఆ బండి తయారు. బండి నడవడానికి కావలసింది అంతే. ఇంకా చేసేదంతా పెళ్లిచూపులకు ముఖానికి పౌడర్ రాయడమే.

ఆ పౌడర్ పనికి గుడ్డ చేతిలోకి తీసుకుంటుండగా వైర్‌లెస్ సెట్ గరగరలాడింది. సెట్ దగ్గర కూర్చునేది కరీంనగర్ పిల్ల. వాగు అవతలి ఊళ్లో ఉన్న కానిస్టేబుల్ మాట్లాడుతున్నాడు.

"ఒక మనిషిని పాము కరిచింది. కట్లపాము అంటాన్రు. అంబులెన్సు మీ దిక్కు గట్టు మీదనే ఆగింది, నీళ్లల్ల దిగదట. మీ పెద్ద బండి అయితే దాటుతది. జల్దీ పంపుండ్రి. ఓవర్."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను సాబ్ వైపు చూశాను. ఆయన గడ్డం గీసుకుంటున్నాడు, సగం ముఖం నురగ.

"సాబ్, బండి తయారున్నది. ఇప్పుడే పోతం."

"పెద్ద సాబ్ దారిల ఉన్నడు. ఉన్నది ఒక్క బండి. అది సుత పోతె ఆయనకేం చూపెట్టాలె, నా మొఖమా?"

"పాము కరిచిందట సాబ్."

"ఇన్నా. చెవులున్నయి నాకు. ఆయన తొమ్మిదింటికి వస్తడు, చూస్తడు, పోతడు. తర్వాత పోండ్రి. ఆ పైమూత చూడు ఎట్లున్నదో, మసి. దాన్ని పట్టు."

వైర్‌లెస్ పిల్ల అడిగింది: "వాళ్లకేం చెప్పాలె సాబ్?"

"బండి కడుగుతున్నరని చెప్పు. అబద్ధమా?"

ఆమె అదే చెప్పింది.

ఇంజన్ నెత్తి మీద ఒక అల్యూమినియం మూత ఉంటుంది. కిరోసిన్, బ్రష్షు, తర్వాత సబ్బు నీళ్లు, తర్వాత పొడి గుడ్డ. మళ్లీ కిరోసిన్. గొట్టాలకు నల్ల పాలిష్. నట్లను ఒక్కొక్కటీ ఇసుక కాగితంతో రుద్దాను. చేతులు పని చేస్తున్నాయి, చెవులు సెట్ దగ్గరున్నాయి. అరగంటకోసారి ఆ కానిస్టేబుల్ గొంతు. మొదట "ఎల్లిన్రా?" అన్నాడు. తర్వాత "మాట పడిపోయింది, రెప్పలు లేస్తలేవు" అన్నాడు. ఆ తర్వాత ఒక్క మాటే: "వస్తలేరా?"

డ్రైవర్ స్టీరింగ్ ముందు కూర్చుని తాళం చెవి తిప్పుతూ, తీస్తూ ఉన్నాడు. "ఇంకింత తోము అక్కా" అన్నాడు, సాబ్‌కు వినబడేలా. "పెద్ద సాబ్ అండ్ల జూసి మీసం దువ్వుకుంటడు."

"నోర్ముయ్" అన్నాడు సాబ్.

తొమ్మిదింటికి రాలేదు. పదింటికి జీపు వచ్చింది. పెద్ద సాబ్ సన్నటి మనిషి, మెత్తగా మాట్లాడతాడు. గొడుగు పట్టబోతే వద్దన్నాడు. బానెట్ లేపాం. రుమాలు తీసి మూత మీద రుద్ది, తిప్పి చూశాడు. తెల్లగా ఉంది. "గుడ్" అన్నాడు. మా సాబ్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అప్పుడు డ్రైవర్ ఉండబట్టలేక కిందికి దూకి సెల్యూట్ కొట్టాడు.

"సార్, వాగు అవతల పాము కరిచిన కేసు ఉన్నది. పొద్దటి నుంచి పిలుస్తాన్రు."

పెద్ద సాబ్ రుమాలు మడతపెడుతూ ఆగాడు. "మరి ఇంకా ఇక్కడెందుకు ఉన్నారు?" అన్నాడు.

ఆయన మా సాబ్‌ను చూశాడు. మా సాబ్ వానను చూశాడు. రాస్తున్నావా? ఈ మాట తప్పకుండా రాయి. పెద్ద సాబ్‌ను అడిగి ఉంటే ఏడింటికే పొమ్మనేవాడు. ఎవరూ అడగలేదు.

వాగు దగ్గర అంబులెన్సు తలుపులు తెరిచి నిలబడి ఉంది. దాన్ని దాటి నీళ్లలోకి దిగాం. బంపర్ మునిగింది. డ్రైవర్ ఫస్టు గేరు మార్చలేదు, పెదవి కొరుక్కుంటూ అలాగే పట్టుకున్నాడు. అవతల గట్టు ఎక్కి ఊరి మొదట్లో ఆపాడు. నీళ్లలోంచి వచ్చాక ఫ్యాన్‌లో మళ్లీ గడ్డి చుట్టుకుందేమో చూడాలి, లేకపోతే తిరిగి దాటేటప్పుడు నడి వాగులో ఆగుతుంది. నేను దిగి బానెట్ లేపాను. డ్రైవర్ స్ట్రెచర్ తీసుకుని పరుగెత్తాడు.

పదడుగులు పరుగెత్తి ఆగిపోయాడు.

స్కూలు అరుగు మీద తలుపు రెక్క ఒకటి పడేసి, దాని మీద మనిషిని పడుకోబెట్టారు. ముఖం మీద కండువా కప్పి ఉంది. కానిస్టేబుల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మమ్మల్ని చూసి తల అడ్డంగా ఊపాడు. చుట్టూ ముప్పై మంది ఉంటారు. ఒక్కరూ ఏడవడం లేదు. అందరూ మమ్మల్నే చూస్తున్నారు.

అరుగు దగ్గర నుంచి ఒక ముసలామె లేచింది. నడుము దాకా బురద. అతని తల్లి. తిన్నగా బండి దగ్గరకు వచ్చింది. నా వైపు చూడలేదు. కానిస్టేబుల్‌ను అడిగింది:

"ఈ బండేనా, పొద్దటి సంది కడుగుతాన్నం అన్నది?"

అతను నేలను చూశాడు. "ఇదే అవ్వా."

ఆమె మునివేళ్ల మీద లేచి లోపలికి తొంగి చూసింది. నీళ్లు మూత దాకా రాలేదు. మూత అలాగే మెరుస్తోంది. ఇంకా సబ్బు వాసన వస్తోంది.

"నా ఇంట్ల బువ్వ తినే గిన్నె సుత గిట్ల మెరువది" అంది.

"అవ్వా..." అన్నాను.

అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వు ఈడిదానివే గదా. మాట మన మాటనే ఉన్నది. నా కొడుకు నోట్ల నురుగు తుడుద్దామంటె ఎండిన పేలిక ఒక్కటి దొరకలే నాకు. నానిన కొంగుతోని తుడిసిన. దీన్ని తుడువనీకి మీకు గిన్ని గుడ్డలెక్కడియే?"

ఏడు గంటలకు తయారుచేశానని చెప్పొచ్చు. సాబ్ ఆపాడని చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది. కండువా కప్పిన మనిషి అక్కడ ఉండగా నా నోట్లోంచి ఆ మాట రాలేదు.

ఆమె ట్రక్కు ఎక్కలేదు. శవాన్ని ఎక్కించనివ్వలేదు. "మీ బండి ఖరాబైతది" అంది. ఇంటి కప్పుల మీద ఉన్న మిగతావాళ్లలో కొందరు ఎక్కారు, మాతో ఒక్క మాట మాట్లాడకుండా. గోదాముకు వచ్చాక సాబ్ బానెట్ లేపి చూసి అరిచాడు: "ఇదేం గలీజు? సాఫ్ చెయ్."

"మీరే చెయ్యుండ్రి సాబ్" అన్నాను. అన్నేళ్ల ఉద్యోగంలో ఆర్డరుకు ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే. మెమో ఇచ్చాడు. తీసుకున్నాను.

నీళ్లు తీసాక వెనక్కి వెళ్లాం. తర్వాత రిటైరై ఇక్కడికి, హనుమకొండకు వచ్చేశాను. మీ అమ్మ కారు నడుపుతుంది, మీ మామకు ట్రాక్టరుంది. బానెట్ లేపి ఒకసారి చూడమ్మా అంటే నేను ఇంట్లోకి ఎందుకు వెళ్లిపోతానని నువ్వు అడిగావు కదా. అందుకే ఇదంతా చెప్పింది.

ఒకటి చెప్పకుండా దాటేశాను. గుడ్డల మాట అడిగాక ఆ అవ్వ వంగింది. కాళ్ల దగ్గరి బురద గుప్పెడు తీసి, మెరుస్తున్న ఆ మూత మీద కొట్టింది. ఇంజన్ వేడిగా ఉంది. బురద సుయ్యిమంది, ఆవిరి లేచింది. ఆమె చెయ్యి తీయలేదు. కాలుతుంది అవ్వా అని నేను ముంజెయ్యి పట్టుకుని లాగాను. మూత మీద బురదలో నాలుగు వేళ్లు, అరచెయ్యి అచ్చు. అంచుల నుంచి తెల్లగా ఎండుతూ లోపలికి పోతోంది. మేమిద్దరం అది ఎండేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాం.