ఉమ్మికి జెరాక్సు

సుబ్బారావుగారికి కాగితమంటే అనుమానం. శుభలేఖ వచ్చినా మూడుసార్లు చదివించుకుని, ముహూర్తం నిజమేనా అని పెళ్ళివారికే ఫోన్ చేసేవారు. పెదపాడులో ఆయన చెరువుకొచ్చే చేపల మేత బస్తా మీది అక్షరాలకూ విచారణ తప్పేది కాదు. అన్నీ విన్నాక ఒకటే ప్రశ్న: "దీనికి జెరాక్సేదీ?"

చదివిపెట్టే ఉద్యోగం నాలుగో తరగతి మనవరాలు శ్రీదుర్గది. పిల్ల ఇంకా కూడబలుక్కుంటోందని బడిలో టీచర్లు విసుక్కునేవారు. "నేనుండగా దాన్నెందుకు విసిగిస్తారండీ?" అనేది మావగారితో, ఎమ్మే చదివిన కోడలు గాయత్రి.

"గడగడా చదివేవాళ్ళని నమ్మకూడదమ్మా. మధ్యలో ఏదో మింగేస్తారు. నువ్వు నెమ్మదిగా కానీ తల్లీ," అనేవారాయన మనవరాలి వైపు తిరిగి.

గాయత్రికి ఒళ్ళు మండేది. దానికి తోడు అత్తగారు సుందరమ్మ రోజూ ఒకటే పాట: "మా వైపు ఇలా కూడబలుక్కునేవాళ్ళు లేరు. ఇది మీ పుట్టింటి కామవరపుకోట రక్తమే."

అందుకే, చదువులో తడబాటు కుటుంబాల్లో ఎలా దిగివస్తుందో పరిశోధించే ఉమాదేవి ఏలూరు నుంచి రాగానే గాయత్రికి ప్రాణం లేచొచ్చింది. మూడు తరాల ఉమ్మి కావాలంది ఆవిడ.

"ఉమ్మి దేనికండీ?" సుబ్బారావుగారి కనుబొమలు లేచాయి.

"అందులో జన్యువులుంటాయండీ. ఏ ఒక్కటో కాదు, చాలా కలిసి కొంత ప్రభావం చూపిస్తాయి. పిల్ల తెలివికేం లోటు లేదు."

"దాంతో నా చెరువు లీజు మార్పించేస్తే?"

"ఉమ్మితో లీజులు మారవండీ మావయ్యగారూ!"

"వేలిముద్రతో మారగా లేనిది, ఉమ్మితో మారదా?"

సుందరమ్మ అందుకుంది. "మావైపు అక్కర్లేదండీ. కోడలి వైపు తీసుకోండి, చాలు."

శ్రీదుర్గ తల దించుకుంది. గాయత్రి కళ్ళు చెమర్చాయి. ఇక ఈ నింద జన్మకి వదలదనుకుంది.

సుబ్బారావుగారు ఉమాదేవి చేతిలోని అంగీకారపత్రం లాక్కున్నారు. వేలు పెట్టి, పైకి చదవడం మొదలెట్టారు. "ప... రి... శో..." రెండో మాటకే నుదుట చెమట పట్టింది. నలభై అయిదేళ్ళ కాపురంలో ఆయన చదవగా సుందరమ్మ వినడం అదే మొదలు.

"విన్నావా? మనవైపే. నాది అనుమానం కాదే, సిగ్గు. ఇది పిల్లకి అంటకూడదనే దానిచేత చదివించుకున్నాను."

తాతగారి ముందు చదవడానికి కూతురు ఏనాడూ భయపడలేదని గాయత్రికి అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ ఆయన మీద విసుక్కున్నందుకు బాధేసింది.

మిగతా పత్రం శ్రీదుర్గే చదివింది, ఏదీ మింగకుండా. అరగంట పట్టింది. సుబ్బారావుగారు సంతకం చేసి, ట్యూబులో ఉమ్మి, మూత రెండుసార్లు లాగి చూసి, చెయ్యి చాపారు.

"ఇంకోటివ్వండి."

"ఎందుకండీ?"

"జెరాక్సు!"

గాయత్రి నవ్వాపుకోలేక తనే రెండో ట్యూబు అందించింది. దానిమీద శ్రీదుర్గ నింపాదిగా రాసింది: 'తాతయ్య వైపు.'