చేతికి తేలికైన ట్రిగ్గరు

ఎల్క్ దుప్పుల వేటకు ముందురోజు ఎవాల్డ్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, తన పాత తుపాకీ ట్రిగ్గరు విప్పి లోపలి ఉక్కు అంచును సానరాయి మీద రుద్దుతున్నాడు. భార్య సిగ్నే కాఫీ పోస్తోంది.

"ఇంకా ఎంత అరగదీస్తావు బావా? రేపు ఈగ వాలినా పేలేట్టుంది," అన్నాడు ఆమె తమ్ముడు హిల్డింగ్.

"నీ గురికి బెదరని దుప్పులు ఈగకైనా బెదురుతాయిలే."

అన్నీ బిగించి, ఖాళీ తుపాకీ మడమను నేలకు తాటించాడు ఎవాల్డ్. ట్రిగ్గరును ఎవరూ ముట్టకుండానే లోపల టక్కుమంది. హిల్డింగ్ నవ్వు ఆగిపోయింది.

"ఆ ట్రిగ్గరు మర బిగించు ఎవాల్డ్," అంది సిగ్నే.

అతను మరను పావు చుట్టు తిప్పి మళ్ళీ తాటించాడు. ఈసారి చప్పుడు రాలేదు.

"ఇంకాస్త బిగించు."

"చాల్లే. ఇంతకన్నా బిగిస్తే నాకు పనికిరాదు."

మర్నాడు అడవిలో తడి బండ మీద ఎవాల్డ్ కాలు జారింది. చేతిలోంచి పడిన తుపాకీ రాతికి తగిలి దానంతటదే పేలింది. హిల్డింగ్ ఒక్కడే తిరిగి వచ్చాడు.

అంత తేలిక దేనికయ్యా అని సిగ్నే చనిపోయిన మనిషిని రోజూ తిట్టుకునేది. మూడు వారాలకు ఆరోగ్య కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. ఎవాల్డ్ రావడం మానేశాడేమని అడిగారు. కుడి చూపుడు వేలిలో పట్టు తప్పుతోందని, వసంతం నుంచీ ప్రతి మంగళవారం వ్యాయామానికి అక్కడికి వెళ్తుండేవాడట.