ధ్రువ మండలి ప్రమాణం

సూరిబాబుకి నోరు లేదని మంగఫ్‌లో అందరూ అంటారు. అది అబద్ధం. నోరుంది, కాదనడమే రాదు. అంబాజీపేట పక్కన పుట్టి, కాకినాడలో ఏసీ పని నేర్చి, కువైట్‌లోని ఈ మంగఫ్‌కి వచ్చి పదేళ్లు దాటినా, ఎవరు ఏమడిగినా అతని నోట ముందు వచ్చే మాట "ఆయ్, అలాగేనండి". ఆ మాటే అతనికి ఇంతకాలం కూడు పెట్టింది. కొంప ముంచింది కూడా అదే.

కంపెనీ బిల్డింగు నాలుగో అంతస్తులో అతని గది. పక్క మంచం ఆనందబాబుది. ఇద్దరిదీ ఒకే మండలం. ఊళ్లో అయితే సూరిబాబు ఇల్లు రామాలయం వీధిలో, ఆనందబాబు ఇల్లు చర్చి పక్కన పేటలో. ఒకరి గుమ్మం ఒకరు ఎక్కి ఎరగరు. ఇక్కడ రెండు మంచాల మధ్య రెండు జతల చెప్పులు పట్టే జాగా కూడా లేదు. ఒకడు వండితే ఒకడు గిన్నెలు తోముతాడు. ఆనందబాబు చేపల పులుసు పెట్టిన రోజున సూరిబాబు గిన్నె తోమక్కర్లేదు, అన్నంతో తుడిచేస్తాడు.

మూడేళ్ల కిందట అల్ రాయ్ గోడౌన్లో డక్టు రేకు జారి సూరిబాబు కుడి చెయ్యి మోచేతి పైన తెగింది. రక్తం ఆగలేదు. అతనిది ఓ నెగటివ్, అంత తేలిగ్గా దొరికే రకం కాదు. సూపర్‌వైజరు చిదంబరరావు కంపెనీ బండిలో మనుషుల్ని ఆస్పత్రికి తోలుకొచ్చాడు. వాళ్లలో సరిపోయింది ఒక్క ఆనందబాబు రక్తమే. సూరిబాబు కళ్లు తెరిచాక మలయాళీ నర్సు "తమ్ముడి రక్తమే ఎక్కించాం" అంది. ఆవిడ మాటని ఇద్దరిలో ఎవరూ దిద్దలేదు. ఆనాటి నుంచి ఆనందబాబు అతన్ని "అన్నయ్యా" అనే పిలుస్తున్నాడు.

చిదంబరరావుది రాజమండ్రి. బాగా చదువుకున్నవాడు, మెత్తగా మాట్లాడేవాడు, ప్రతివాణ్ణీ "బాబూ" అనేవాడు. ఎవరికి ఏ గది ఇవ్వాలో, ఎవరి ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, రెన్యూ చెయ్యమని వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌కి చెప్పాలో అంతా ఆయన చేతిలోనే. ఆయన శుక్రవారాలు బిల్డింగు కింద నేలమాళిగలో, ఇక్కడివాళ్లు సర్దాబ్ అంటారు, ఓ సభ పెట్టడం మొదలెట్టాడు. పేరు ధ్రువ మండలి. సంగతి బయట చెప్పకూడదు. సూరిబాబుని రమ్మన్నాడు. అతను అలాగేనండి అన్నాడు. నిజం చెప్పాలంటే, అక్కడ జీడిపప్పు వేసిన ఉప్మా పెడతారని తెలిసే వెళ్లాడు.

మన పూర్వీకులు ఉత్తర ధ్రువం నుంచి దిగివచ్చిన ఆర్యులనీ, ఆ రక్తంలో కల్తీ జరగబట్టే ఈ ఎడారిలో డక్టులు మోస్తున్నామనీ చిదంబరరావు చెప్పేవాడు. వినడానికి బాగుండేది. వారమంతా అరబ్బుల చేత, ఫోర్మన్ల చేత తిట్లు తినేవాడికి, నువ్వు దేవతల వంశంవాడివిరా అంటే ఎందుకు బాగుండదు? అందరికీ రహస్యంగా రుషుల పేర్లు పెట్టారు. సూరిబాబుకి కశ్యపుడని వచ్చింది. కశ్యపుడు శనివారం పొద్దున్నే లేచి ఏసీల్లో గ్యాసు నింపడానికి పోయేవాడు.

ఓ శుక్రవారం చిదంబరరావు మంచి హుషారుగా ఉన్నాడు. "జర్మనీలో మ్యూనిక్ అని ఓ ఊరుంది బాబూ. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడ థూలే సంఘమని ఉండేది. పెద్ద హోటల్లో గదులు తీసుకుని, పైకి మాత్రం పాత చరిత్ర చదువుకుంటున్నామని చెప్పేవారు. థూలే అంటే ఉత్తరాన ఎక్కడో ఉన్న ఆదిమ దేశం. మన ధ్రువంలాంటిదే. అందులో చేరేవాడు తన ఒంట్లో, తన భార్య ఒంట్లో పరాయి రక్తం లేదని మాటివ్వాలి. ఆ గుప్పెడుమంది ఏం చేశారో తెలుసా?"

"ఏం చేశారండి?" అన్నాడు సూరిబాబు.

"దేశాన్ని లేపారు," అని చిదంబరరావు అక్కడితో ఆపేశాడు.

మిగతా కథ సూరిబాబుకి కంపెనీ బస్సులో ఫోన్లో దొరికింది. తెలుగులోనే ఎవరో కుర్రాడు వీడియోలో చెబుతున్నాడు. ఆ సంఘంవాళ్లు ఓ చిన్న కార్మికుల పార్టీకి పురుడు పోశారు. ఆ పార్టీలోకే హిట్లర్ వచ్చాడు. దాని పేరు మారింది, జెండా మారింది. పరాయి రక్తమని హోటల్లో ఎవరిని అన్నారో ఆ యూదుల్ని పాతికేళ్లు తిరక్కుండా రైళ్లలో కుక్కి తీసుకుపోయి లక్షల్లో చంపారు. సూరిబాబుకి హిట్లరంటే పదో తరగతి సోషల్ పుస్తకంలో మీసం, అంతే. ఇప్పుడు మాత్రం అతనికి ఆ హోటలు గది మీదే ఆలోచన పోయింది. అక్కడ కూర్చున్నవాళ్లలో తనలా ఉప్మా కోసం వెళ్లినవాళ్లు ఎంతమంది ఉన్నారో! వాళ్లకి లేచి రావాలనిపించలేదా? రావాలంటే ఏం చెప్పి రావాలి?

ఆ వారమే కాంట్రాక్టు పోయిందనీ, సగంమందిని ఇంటికి పంపేస్తారనీ వార్త వచ్చింది. సూరిబాబు ఇఖామా నెలాఖరుకి అయిపోతుంది. కూతురు కాకినాడలో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. చిదంబరరావు అతన్ని మెట్ల దగ్గర ఆపాడు.

"నీ ఇఖామా సంగతి నేను చూసుకుంటాను బాబూ. ఈ శుక్రవారం నువ్వు ప్రమాణం చెయ్యి. నాలుగో అంతస్తు ఇక మన మండలిది. ఆనందబాబుని వేరే బిల్డింగుకి పంపిద్దాం. ఆ మాట నువ్వే చెప్పు, నువ్వయితే వింటాడు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. సూరిబాబు వారమంతా ముద్ద మింగలేకపోయాడు. "ఏటన్నయ్యా, పులుసు బాలేదా?" అని ఆనందబాబు అడుగుతుంటే తల ఊపేవాడు. చివరికి అతనికి ఓ దారి తట్టింది. కాదనక్కర్లేదు. తనకి అర్హతే లేదంటే సరి! ఒంట్లో పేటవాడి రక్తం ఉన్నవాణ్ణి మండలి ఎందుకు ఉంచుకుంటుంది? వాళ్లే పొమ్మంటారు. తను ఎవరినీ నొప్పించినట్టు కాదు. ఈ తెలివికి తనే మురిసిపోయి ఆ పూట కడుపునిండా తిన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం సర్దాబ్‌లో దీపం పెట్టారు. కిటికీ లేని గది, ఒకటే తలుపు, ఆ తలుపుకి వీపానించి ఒక మనిషి. సూరిబాబు చిదంబరరావుని పక్కకి పిలిచి చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"నేను పనికిరానండి. ఆ యేడు నాకెక్కించింది ఆనందు రక్తమండి. కల్తీ అయిపోయానండి, ఆయ్."

చిదంబరరావు నవ్వాడు. "నాకు తెలీదా బాబూ? వాణ్ణి బండెక్కించి తీసుకొచ్చింది నేనేగా."

"మరి అబద్ధపు ప్రమాణం అయిపోద్ది కదండీ?"

"నిజం ప్రమాణం చేసినవాడు రేపు లేచిపోవచ్చు. అబద్ధం చేసినవాడు ఎక్కడికీ పోడు, వాడి గుట్టు నా చేతిలో ఉంటుంది. అందుకే నిన్ను పిలిచాను. యల్లా, కానియ్యి, అందరూ చూస్తున్నారు."

సూరిబాబు తలుపు వైపు చూశాడు. తలుపు దగ్గరి మనిషి కదల్లేదు. ఇఖామా గుర్తొచ్చింది, కూతురు గుర్తొచ్చింది. అతను మచ్చ ఉన్న ఆ చెయ్యే దీపం మీద చాపి, నా ఒంట్లో పరాయి రక్తం లేదు, ఉండనివ్వను అని అందరికీ వినబడేలా అన్నాడు. తన గొంతు తనకే వేరేవాడిదిలా వినిపించింది. తర్వాత ఉప్మా పెట్టారు. తిన్నాడు.

నాలుగంతస్తులూ ఎక్కి గదికి వచ్చేసరికి ఆనందబాబు పెట్టె సర్దేసి ఉంది. గోడలు పలచన, మెట్ల మీద మాట ఎవరో చెప్పేసి ఉంటారు. ఏరు దాటి తెప్ప తగలేసినవాడు తెప్పతో ఏం మాట్లాడతాడు?

"నువ్వేం సెప్పకన్నయ్యా," అన్నాడు ఆనందబాబు. "నీకు పిల్ల ఉంది. మంచం మాత్రం నాదే కదా, అట్టుకుపోతాను. ఓ సెయ్యెయ్యి."

అది ఇద్దరూ కలిసి అల్ రాయ్ శుక్రవారం సంతలో బేరమాడి కొన్న ఇనప మంచం. లిఫ్టులో పట్టదు. ఆనందబాబు కిందివైపు పట్టుకుని బరువంతా తన మీదే వేసుకుని వెనక్కి వెనక్కి మెట్లు దిగుతున్నాడు. సూరిబాబు పైవైపు పట్టుకుని అతని మొహంలోకి చూడకుండా దిగుతున్నాడు. రెండో అంతస్తు మలుపులో మంచం గోడకి తగిలి ఆగిపోయింది. అటు పోదు, ఇటు రాదు. దాని వెనక సూరిబాబు మూలకి ఇరుక్కుపోయాడు.

ఆనందబాబు తల పైకెత్తాడు.

"ఆ కుడిసెయ్యి వొదిలెయ్యన్నయ్యా. తెగిన సెయ్యది. బరువు పెట్టకు, నేనట్టుకుంటాను."

సూరిబాబు వదల్లేదు. అక్కడే, మంచానికీ గోడకీ మధ్య నిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.