నేను గ్రాన్‌వాల్ కారు తోలు వలిచిన రోజు

కారు కొన్నవాళ్లుంటారు, ఎక్కినవాళ్లుంటారు, తీసుకెళ్లి గోడకు గుద్దినవాళ్లూ ఉంటారు. కారును ఒలిచినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. నేనున్నాను. ఒక మధ్యాహ్నం పూట, కొబ్బరి పీచూ నా పది గోళ్లూ పెట్టి, రాజులెక్కే గ్రాన్‌వాల్ కారును ఉడకబెట్టిన ఆలుగడ్డలా ఒలిచిపెట్టాను. అంత పెద్ద నాశనం మా గోదావరిఖనిలో బ్లాస్టింగ్ మందు లేకుండా చేసింది నేనొక్కదాన్నే.

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. మధ్యలో నవ్వి కలం ఆపుతోంది కాబట్టి కథ అక్కడక్కడా కుంటితే ఆ తప్పు నాది కాదు.

ఎనిమిదేళ్ల కిందటి మాట. మా ఆయన ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలిపే టింబర్‌మన్‌గా దిగి, రిటైరైన రెండో ఏడే నన్ను వదిలి పోయాడు. కంపెనీ ఇచ్చిన క్వార్టరు అంతకుముందే పోయింది. నేనొక రేకుల గది అద్దెకు తీసుకుని, రాజిరెడ్డి సారు గెస్ట్‌హౌస్‌లో ఊడ్చి కడిగే పనికి కుదిరాను. ఆయన ఓపెన్‌కాస్టులో బొగ్గు మీది మట్టి తీయించే కాంట్రాక్టరు. ఆ పనే నా అన్నం. అది పోతే గది పోతుంది, గది పోతే తమ్ముడింటికి పోవాలి. మా మరదలు వడ్డించే అన్నం తినడం కంటే నేనే బాయిలో దిగడం నయం.

బొగ్గు ఊరి ఆడదానికి కడగడమంటే పని కాదు, యుద్ధం. మా ఆయన డ్యూటీ దిగి వస్తే కళ్లూ పళ్లూ తప్ప మనిషి కనిపించేవాడు కాదు. మూడు బకెట్లు పోసి తోమితేగాని వచ్చింది నా మొగుడా, పక్క క్వార్టరాయనా అన్నది తేలేది కాదు. రోజూ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో ఢామ్మని బ్లాస్టింగ్ అవుతుంది, కిటికీలు గడగడలాడతాయి, ఆ తర్వాత నల్లటి దుమ్ము వచ్చి అన్నం గిన్నె మూత మీద కూడా తీరిగ్గా కూర్చుంటుంది. అందుకే నల్లగా ఏది కనిపించినా నా చెయ్యి నన్ను అడగకుండానే పీచు వెతుక్కుంటుంది.

ఆ చెయ్యే నన్ను అప్పటికి రెండుసార్లు ముంచింది. మొదటిసారి వంటవాడి నల్ల పెనాన్ని ఇటుక పొడి పెట్టి అద్దంలా తోమాను. దోసె అంటుకోకుండా ఉండేది ఆ నలుపు వల్లేనట. ఆ తర్వాత పెనాన్ని వదిలిన దోసె ఒక్కటి లేదు. రెండోసారి సారు ఎక్కడినుంచో తెచ్చుకున్న పాతకాలపు కంచు బొమ్మను చింతపండుతో రుద్ది, నిన్ననే పోతపోసినట్టు చేసి హాల్లో పెట్టాను. దాని పాతదనానికే డబ్బు పోశాడట, చూసి కుర్చీలో కూలబడ్డాడు.

మా సూపర్‌వైజరు శంకరయ్య ఆ రోజే తేల్చి చెప్పాడు.

"కొమురమ్మా, ఇంకొక్క కంప్లైంట్ వచ్చిందనుకో, నా చేతుల ఏం లేదు. నీ చీపురు ఇంకొకలకు ఇస్త."

"ఫికర్ చెయ్యకు శంకరన్నా. ఇగ సూడు, ఈ ఇంట్ల ఒక్క మచ్చ ఉండది."

"మచ్చ ఉంటెనే నీకు మంచిది తల్లీ!"

ఇట్లాంటి గడ్డుకాలంలో ఒక రోజు హైదరాబాద్ నుంచి కిశోర్ అనే కార్ల బేరగాడు దిగాడు. రాజిరెడ్డి సారుకు అమ్మడానికి గ్రాన్‌వాల్ కారు తెచ్చాడు. ఒక డాక్టరు వాడినదట, ఒంటి మీద ఒక్క గీత లేదట. మధ్యాహ్నం మూడింటికి వర్జ్యం పోయాక పూజ చేసి, కాగితాల మీద సంతకం పెట్టాలని అనుకున్నారు. కారు వచ్చినప్పుడు నేను పెరట్లో అంట్ల ముందు ఉన్నాను. దాని మొహం చూడలేదు. హాల్లోకి చాయ్ పట్టుకుపోయినప్పుడు దాని పురాణం మాత్రం విన్నాను.

"ఇది కారు కాదు సార్, వంశం," అంటున్నాడు కిశోర్.

"వంశమైతే పిల్లనియ్యాలె గనీ, కొనుడెందుకయ్యా?" అన్నాడు సారు.

"మీరలా అంటారు గానీ వినండి. ఈ గ్రాన్‌వాల్ అనే ఆయన మొదట మీలాగే బొగ్గు మధ్య బతికినవాడు. గనిలో బొగ్గు మోసే టబ్బుల చక్రాలు బాగుచేసే కమ్మరి. వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె చర్చికి వెళ్లడానికి కుదుపు లేని బండి చేశాడు. అది చూసి ఆ దేశం రాజు నాకూ ఒకటి చెయ్యమన్నాడు."

"చేసిచ్చిండా?"

"ఆరు నెలలు ఆగమన్నాడు సార్! రాజుని! మా అమ్మ బండికి ఇంకా పరదాలు కుట్టాలి, తర్వాత చూద్దాం అన్నాడు."

నాకు ఆ కమ్మరి మీద అక్కడికక్కడే ప్రేమ పుట్టింది. తల్లి మోకాళ్ల కోసం రాజును గడప బయట నిలబెట్టినవాడు! చాయ్ ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"ఇప్పటికీ సీట్లు చేత్తోనే కుడతారు. ఆ తోలు కోసం పెంచే ఆవులను ముళ్లకంచె లేని మైదానంలో మేపుతారు, ఒంటి మీద చిన్న గీత కూడా పడకూడదని."

మా వీధిలో మనుషులకే అట్లాంటి చోటు లేదు. ఆవులకు దొరికిందంటే సంతోషమే.

"ఇక తలుపు వేశారనుకోండి, ఠపీమని చప్పుడు రాదు. పట్టుచీరల బీరువా మూసినట్టు మెత్తగా పడుతుంది. ప్రపంచంలో డబ్బున్నవాళ్లు ఆ చప్పుడు కోసమే కొంటారు సార్ దీన్ని."

ఇంతవరకూ విన్నాను. ఆ తర్వాత దాని రంగు గురించి చెప్పాడట. అప్పుడే శంకరయ్య నన్ను వంటింట్లోకి కేకేశాడు. ఆ ఒక్క ముక్క విని ఉంటే నేనీరోజు మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

వాళ్లు భోజనానికి కూర్చున్నారు. ఓపెన్‌కాస్టులో ఢామ్మంది. పూజ సామాను సర్దుతున్న శంకరయ్య, "కొమురమ్మా, బయట జర జల్ది కడుగు, పూజ ఉన్నది," అన్నాడు. బకెట్, చీపురు పట్టుకుని బయటికి పోయాను కదా, పోర్టికోలో కారును చూసి బకెట్ కింద పెట్టేశాను.

నిలువెల్లా మసి. ఎక్కడా మెరుపు లేదు. పొయ్యి వెనక గోడ ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. తల్లి కోసం రాజును ఆపిన ఆ మహానుభావుడి కారు, మా ఊరికి వచ్చిన పూటే ఇట్లా దుమ్ముకొట్టుకుపోయిందా? ఈ మొహంతో పూజలో కూర్చుంటుందా? ఆ కమ్మరి తల్లి చూస్తే మన కోల్‌బెల్టు ఆడవాళ్ల గురించి ఏమనుకుంటుంది?

తడిగుడ్డతో తుడిచాను. కదల్లేదు. సర్ఫు కలిపి రుద్దాను. కదల్లేదు. ముప్పై ఏళ్లు బాయి బట్టలు ఉతికినదాన్ని, నాతోనా పంతం? కొంగు నడుముకు చెక్కి, కొబ్బరి పీచు తీసి, ముందు చక్రం పైన ఒక మూల పట్టి బలంగా గీకాను.

అంచు లేచింది.

కాగిన పాల మీద మీగడ లేచినట్టు మెల్లగా లేచింది. దుమ్ము పేరుకుని పేరుకుని తోలు కట్టిందనుకున్నాను. గోళ్లతో పట్టి లాగితే సర్రున జానెడు వచ్చింది. కింద తెల్లగా, పాలరాయిలా కారు! ఎంత సంబరపడ్డానో చెప్పలేను. "కొమురమ్మా, నీ అంతటిది లేదు పో" అని నన్ను నేనే మెచ్చుకుంటూ బానెట్ సగం, ముందు తలుపు మొత్తం ఒలిచేశాను. చక్రం పైన మాత్రం ఇంకా ఏదో పసుపచ్చగా అంటుకుని ఉంది. దాన్నీ గీకాను. పెచ్చులు పెచ్చులుగా రాలింది. చేతిలోకి తీసుకుని చూశాను. ఇంటికి సున్నాలేసేవాళ్లు గోడ గుంతల్లో పెడతారే, ఆ లప్పంలా ఉంది. అది రాలినచోట అన్నం గిన్నె పట్టేంత గుంత పడింది.

అప్పుడు భయమేసింది. కారుకు రంధ్రం పొడిచానురా దేవుడా! మూడో కంప్లైంట్! మరదలి మొహం కళ్లముందు కనిపించింది, చేతిలో గరిటెతో సహా.

తప్పు చేసినవాళ్లు ఆగితే బాగుండును. నేను ఆగలేదు. నీళ్లు కాచే పొయ్యి దగ్గరికి ఉరికి నాలుగు బొగ్గులు తెచ్చి, రోట్లో నూరి, తలకు పెట్టుకునే కొబ్బరినూనె కలిపాను. జీవితమంతా మసి కడిగిన చేతులతో మొదటిసారి మసి పూయడం మొదలుపెట్టాను. బానెట్ కాస్తా ఆరు నెలల పిల్లకు స్నానం చేయించి కాటుక పెడితే ఏడ్చినప్పుడు ఎట్లా ఉంటుందో అట్లా తయారైంది.

అప్పుడే శంకరయ్య పళ్లెంలో కొబ్బరికాయ, నిమ్మకాయలు, పెద్ద గుమ్మడికాయతో బయటికి వచ్చాడు. కారును చూశాడు. నన్ను చూశాడు. పూజ మొదలుకాకుండానే గుమ్మడికాయ పగిలింది.

ఆ చప్పుడుకు లోపలివాళ్లు చేతులైనా కడుక్కోకుండా ఉరికొచ్చారు. కిశోర్ కేక గోదావరి అవతలికి వినిపించి ఉంటుంది.

"ఏయ్! ఏం చేశావ్? అది ఎంత అరుదైన రంగో తెలుసా?"

"రంగా? నేను దుమ్మనుకున్న సారూ! బ్లాస్టింగ్ దుమ్మని..."

"అయిపాయె!" శంకరయ్య నెత్తి పట్టుకున్నాడు. "మూడోది గూడ అయిపాయె. ఆ చీపురు ఆడ పెట్టు కొమురమ్మా. ఇగ ఇంటికి పో."

చీపురును గోడకు ఆనించాను. నా చేతులు మోచేతుల దాకా నల్లగా, నూనె కారుతూ ఉన్నాయి. ఏడుపు వస్తోంది కానీ కళ్లు తుడుచుకోవడానికి శుభ్రమైన వేలు ఒక్కటి లేదు.

రాజిరెడ్డి సారు మాత్రం నన్ను చూడటం లేదు. గుంత ముందు కూర్చుని, రాలిన పెచ్చును వేళ్ల మధ్య నలుపుతున్నాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు లారీ షెడ్డులో గుంతలు సరిచేసే డెంటింగ్ పని చేసి పైకొచ్చిన మనిషి.

"కిశోరూ, గిదేందయ్యా?"

"అది... ఫ్యాక్టరీలో వేసే లోపలి కోటింగ్ సార్."

"లప్పం గిది. పదేండ్లు నా చేతులతోని పెట్టిన. గింత మందం లప్పం పెట్టిన్రంటే గీ కారు లారీని గుద్దిందా, లారీయే దీన్ని గుద్దిందా? ఒక్క గీత లేదంటివి గదా?"

"గీత లేదు సార్, నిజంగా..."

నా నోరు ఊరుకుంటే కదా! "గీత లేదు సారూ, ఆయన అబద్ధం చెప్తలేడు. గుంతనే ఉన్నది," అన్నాను.

సారు నా వైపు తిరిగాడు. పని ఎట్లాగూ పోయింది, ఇక తిట్లే కదా అని తల వంచుకున్నాను.

"కొమురమ్మా."

"సారూ."

"ఆ పీచు తీస్కో. అటుపక్క గూడ ఒలువు."

అప్పుడు చూడాలి నన్ను! ఇందాక దొంగలా ఒలిచినదాన్ని, ఇప్పుడు ఆర్డరు మీద ఒలిచాను. శంకరయ్య నాకు నీళ్లు అందించాడు. ఒక్కో పొర లేస్తుంటే దాని కింద ఒక్కో రోగం బయటపడింది. వెనక తలుపు ఒక తెలుపు, డిక్కీ ఇంకో తెలుపు, కింద అంచున తుప్పు. తట్టి చూస్తే ఒకచోట టంగుమంటుంది, ఒకచోట పచ్చి కుండలా డబ్బుమంటుంది. రెండు ముక్కల కార్లను ఒక్కటిగా కుట్టి, పైన మెరుపు లేని మసిరంగు ప్లాస్టిక్ తొడుగు అంటించుకొచ్చాడు మహానుభావుడు. కిశోర్ అంగీ చెమటకు తడిసి ముద్దయింది.

"నాకూ తెలియదు సార్, నన్నూ ఎవరో మోసం చేశారు..."

"నువ్ ఎవల్ని మోసం చేస్తున్నవో అది గూడ తెల్వదు నీకు," అని సారు కాగితాలు అతని చేతిలో పెట్టాడు. ఆపైన నన్నడిగాడు. "చెప్పు కొమురమ్మా, ఏం గావాలె నీకు?"

"నా పని గావాలె సారూ."

"నీ పని ఏడికి పోతది? శంకరయ్యా, ఈమెను తీసేస్తనంటే ముందుగాల నన్ను అడుగు. ఇంకేం గావాలె?"

ఇంత మంచి గడియ మళ్లీ రాదని తెలుసు నాకు. ధైర్యం చేశాను.

"గా కారుల ఒక్కసారి కూసుంట సారూ. తల్లి కోసం చేసిన బండి ఎట్లుంటదో సూస్త."

సారు పగలబడి నవ్వాడు. "కిశోరూ, అమ్మను ఇంటికాడ దింపి పో. మెయిన్ రోడ్డు మీదికెల్లి పో. మెల్లగ!"

ఎక్కాను. తలుపు పడింది. దొంగ కారైనా, ముక్కల కారైనా, ఆ తలుపు మాత్రం కమ్మరి చేసిందే. బయటి ఊరంతా ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు సద్దుమణిగింది. సీటు నన్ను కూర్చోబెట్టుకోలేదు, ఎత్తుకుంది. నా మోకాళ్లు అప్పటిదాకా నొప్పిగా ఉన్నాయన్న సంగతి, ఆ నొప్పి పోయాకే తెలిసింది. ఆ కమ్మరి తల్లి ఎంత సుఖపడిందో అనుకున్నాను.

మొదటి షిఫ్టు వదిలే వేళ. బాయి గేటు నుంచి వందల మంది రోడ్డు మీదికి వస్తున్నారు. వాళ్ల మధ్యలోంచి సగం తెల్లగా, సగం నల్లగా, మచ్చల ఆవులాంటి కారు మెల్లగా పోతోంది. నిజం చెప్పనా? సగం తోలు ఊడినా ఆ కారుకు సైకిళ్లు దారి ఇచ్చాయి. టిప్పరు ఒకటి పక్కకు జరిగింది. మసి మొహాలన్నీ లోపలికి తొంగి చూశాయి. వెనక సీట్లో వాళ్లకంటే నల్లగా, నూనె కారుతూ నేను.

"ఎవల్రా గా దొరసాని?" అని ఎవరో అరిచారు.

"మన టింబర్‌మన్ పెండ్లామురా! కొమురక్క!"

ఒకడు సలాం కొట్టాడు. ఇంకొకడు ఈల వేశాడు. నేను రాజుగారి అక్కలా చెయ్యి ఊపాను. మా ఆయన ఉంటే ఆ గుంపులోనే నిలబడి, నన్ను గుర్తుపట్టనట్టు నటించి, ఇంటికొచ్చాక రాత్రంతా నవ్వేవాడు.

మా వీధిలో కిశోర్ దిగి వచ్చి తలుపు తీశాడు. తీసి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్క మాట. మీరు రాజిరెడ్డి గారి దగ్గరే పనిచేస్తారా, ఇంకెక్కడైనా కూడా చేస్తారా?"

"ఎందుకు బిడ్డా, పని ఇప్పిస్తవా?"

"కాదమ్మా. నా దగ్గర ఇంకో రెండు కార్లున్నాయి. మీరు పనిచేసే ఊళ్లకు వాటిని తీసుకెళ్లకుండా ఉందామని."

నవ్వకండి, ఇప్పుడు ప్రమాణం చేస్తున్నాను. టీచరమ్మా, ఇది పెద్ద అక్షరాలతో రాయి. కొమురమ్మ అనే నేను ఇక ఈ జన్మలో ఏ కారు మీదా పీచు పెట్టను. పెట్టాల్సి వస్తే ముందు దాని ముందు నిలబడి, చేతులు జోడించి, "అమ్మా, నువ్వు మురికివా, రంగువా?" అని మర్యాదగా అడుగుతాను. అది జవాబు చెప్పకపోతే మాత్రం ఆపైన జరిగేదానికి నా పూచీ లేదు.