ముందు దాని అన్నం

మా తాండూరు వైపు, మొక్కలకు అంటుకుని రసం పీల్చే పొలుసు పురుగులను వెతుక్కుంటూ తిరిగే మేడం ఒకరు ఉండేవారు. ఇదేం జాతి అని ఎవరడిగినా, "జాతి తర్వాత. ముందు దాని అన్నం ఎక్కడున్నదో చూద్దాం" అనేవారు.

ఒకసారి మా కంచెలోని వావిలికి తెల్లటి పొలుసులు పట్టాయి. పక్కనే కందిచేను పూత మీద ఉంది. అవి కందికి పాకుతాయని నేను కంచె తగలబెట్టబోతే మేడం ఆపారు. కుండీలో కంది మొక్క తెప్పించి, పురుగులున్న వావిలి కొమ్మను దానికి దారంతో కట్టారు.

"గిట్ల మీరే అంటిస్తే ఎట్ల మేడం?" అన్నాను.

"జర ఆగు తమ్మీ. కంది దీనికి పడ్తదో లేదో తెల్వాలె."

కొన్నాళ్లకు పిలిచి భూతద్దం చేతికిచ్చారు. పిల్లపురుగులు కంది మీదికి పాకాయి గానీ, ఒక్కటీ బతకలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మేడం మాత్రం ఆ మొక్కనే చూస్తూ, "పాపం, ఆకలికి చచ్చినయ్" అన్నారు.