మా కాలేజీ భారతమాతకు రింగుల జుట్టు

ఆ రోజుల్లో మా వైపు ఆడపిల్లకు జుట్టు పొడుగ్గా ఉంటే చాలు, తక్కిన విషయాలు ఎవరూ అడిగేవారు కాదు. చదువుతుందా, పాడుతుందా, అసలు మాట్లాడుతుందా అన్న సందేహమే రాదు. సారపాక కాగితం మిల్లు క్వార్టర్లలో మా అమ్మ నన్ను ఎవరికైనా పరిచయం చేయాలంటే ముందు వెనక్కి తిప్పేది. మోకాళ్ళ దాకా దిగిన జడ చూశాకే వాళ్ళు నా మొహం చూసేవారు (కొందరు అది కూడా చూడకుండానే వెళ్ళిపోయేవారు). ఎంత ఒత్తంటే, తలంటుకున్న రోజు జుట్టు ఆరేసరికి నాన్న మిల్లులో ఒక షిఫ్టు చేసి తిరిగొచ్చేవాడు.

ఈ జుట్టు వల్ల నాకు జరిగిన అన్యాయం ఒకటుంది. బడిలో మొదలుపెట్టి ఖమ్మంలో డిగ్రీలో చేరాక కూడా ప్రతి వార్షికోత్సవంలోనూ భారతమాతను నేనే. జుట్టు విరబోసుకుని, జెండా పట్టుకుని, కదలకుండా నిలబడాలి. ఒక్క ముక్క మాట్లాడటానికి లేదు. ముక్కు మీద దోమ వాలినా దేశం కోసం ఓర్చుకోవాలి. నాకేమో లోపల బోలెడన్ని మాటలు. అందుకే కాలేజీలో తెలుగు మేడమ్ నాటకం వేయిస్తానన్నప్పుడు, బొంబాయిలో ఉద్యోగం చేస్తూ సెలవుకు సొంతూరొచ్చే అమ్మాయి వేషం నాకే ఇవ్వమని వెంటపడ్డాను. నాటకమంతా ఆ పిల్లే మాట్లాడుతుంది మరి.

మేడమ్ నా మాటలు విని మెచ్చుకుంది గానీ జడ చూసి పెదవి విరిచింది. "బొంబాయి పిల్ల గింత జడేసుకొని బస్సు దిగుతదా? కత్తిరించుకో, లేదంటే రింగులన్న తిప్పించుకో. లేకుంటే వేషం నీ రూమ్మేట్‌కిస్త. దానికి దేవుడిచ్చిన రింగులున్నయ్" అంది. కత్తిరించుకోవడమంటే ఇక మా ఇంటి గడప తొక్కకపోవడమే. ఈ మాట విని నాకంటే నా రూమ్మేట్ ఎక్కువ ఏడ్చింది. పాపం, స్టేజీ పేరు చెబితేనే ఆమెకు కళ్ళు తిరిగేవి. "నీ కాళ్ళు మొక్కుత, ఎట్లనన్న రింగులు తెప్పియ్యే" అంటూ తనే నన్ను బజారుకు లాక్కెళ్ళింది.

బజార్లో పెళ్ళికూతుళ్ళ సామాను కిరాయికిచ్చే ఫ్యాన్సీ షాపు ఒకటుండేది. సవరాలు, వడ్డాణాల పక్కన కొత్తగా జుట్టు చుట్టే కరెంటు కడ్డీలు రెండు పెట్టారు. ఒకటి పెన్సిలంత సన్నం, రెండోది అప్పడాల కర్రంత లావు. షాపావిడ నా జడను చేత్తో పైకెత్తి బరువు చూసింది. "అమ్మో! గీ జుట్టుకు లావుదే తీస్కపో బిడ్డా. సన్నదానితోని సుట్టుకుంట కూసుంటే మీ డిగ్రీ అయిపోతది." "లావుదానితోని అలలే వస్తయంట గదా? నాకు రింగులు గావాలె" అన్నాను. కడ్డీ ఎంత సన్నమైతే అంత స్టైలని నా లెక్క. పైగా నా రింగులు రూమ్మేట్ రింగుల్ని మించిపోవాలన్న దుర్బుద్ధి కూడా కొంచెం ఉంది. సన్నదే తెచ్చుకున్నాం.

నాటకం రోజు పొద్దున్నే అమ్మ బస్సు దిగి నేరుగా హాస్టల్ గదికొచ్చింది. కాలుతున్న కడ్డీని చూసి "ఏందే ఇది, ఎంటికలకు వాతలు పెడ్తరా?" అని అదిరిపడింది. సంగతి చెప్పాక కాసేపు ఆలోచించి, "నూనె లేకుండ వేడి తగిలితే మాడిపోవా?" అంటూ కొబ్బరినూనె సీసా తీసి మాడు నుంచి కొసల దాకా పట్టించింది. మాకూ అది సబబుగానే తోచింది (ముగ్గురం వంటింటి జ్ఞానం కలవాళ్ళమే). మొదటి పాయ కడ్డీకి చుట్టగానే చుయ్యిమంది. గదంతా పొగ. కింద నుంచి వార్డెన్ కేక: "ఎవలే పైన అప్పాలు గోలిస్తున్నది?"

మళ్ళీ కుంకుడుకాయలు, మళ్ళీ తలంటు, మళ్ళీ మేడ మీద ఎండలో ఆరబెట్టడం. మధ్యాహ్నం అక్కడే అయిపోయింది. ఆ తర్వాత పాయ తర్వాత పాయ చుట్టీ చుట్టీ రూమ్మేట్ వేళ్ళు కొంకర్లు పోయాయి. స్టేజీ మీదికి పిలుపొచ్చేసరికి ముందువైపూ పక్కలా మాత్రమే రింగులు వచ్చాయి. వెనక జుట్టంతా మడిచి, దొరికిన పిన్నులన్నీ గుచ్చి, ముడిలా లోపలికి తోసేశాం. మేడమ్ ముందు నుంచే చూసింది కాబట్టి "ఇప్పుడు బొంబాయి దానిలెక్క ఉన్నవ్" అని మురిసిపోయింది.

స్టేజీ మీద నాలుగు మాటలు చెప్పానో లేదో, కుడి చెవి దగ్గరి రింగు మెల్లగా విడిపోయి నడుము దాకా జారింది. నా జుట్టు బరువుకు అది ఆగే రకం కాదు. దాని వెనకే ఇంకొకటి. హాల్లో కిసకిసలు మొదలయ్యాయి. కంగారులో తల విదిలించాను, పిన్నులన్నీ టపటపా రాలి వెనక జుట్టంతా ఒక్కసారిగా మోకాళ్ళ దాకా జారిపడింది. ఎవడో కొంటెవాడు "భారత్ మాతాకీ!" అని అరిచాడు. హాలు హాలంతా "జై!" అంది. నేను మాటలన్నీ మరిచిపోయాను. అలవాటు కొద్దీ జెండా కోసం చెయ్యి పైకి లేచింది కూడా. తెర పక్కన మేడమ్ తల పట్టుకుంది. తనను లోపలికి తోస్తారేమోనని రూమ్మేట్ స్తంభాన్ని వాటేసుకుంది.

మళ్ళీ మూగబొమ్మగానే నిలబడాలా అని నాకు ఎక్కడ లేని ఉక్రోషం ముంచుకొచ్చింది. నాటకంలో నాకు అమ్మ వేషం వేసిన పిల్ల వైపు తిరిగి గట్టిగా అన్నాను. "సూసినవా అమ్మా! మన ఊరి గాలి తగిలిందో లేదో, బొంబాయి మొత్తం దిగిపోయింది!"

నాటకంలో లేని మాట అది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఇక నన్ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఉన్నవీ లేనివీ కలిపి మాట్లాడుతూనే ఉన్నాను, చివరికి మేడమ్ సైగ చేసి తెర దింపించేదాకా. లోపలికి రాగానే మా అమ్మ ఎదురొచ్చింది. కాలిన కొసల గురించి తిట్లు తప్పవనుకున్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని, "గీ నోరు గిన్నేండ్లు ఏడ దాచినవే?" అంది. ఆ మాటకు నేను సంతోషంతో బావురుమన్నాను.

ఇప్పుడు నా జడ చిటికెన వేలంత. ఆ బరువు లేక మెడకు అప్పుడప్పుడూ వెలితిగా ఉంటుంది, నిజం చెప్పొద్దూ. ఆ మాటే మావారితో అంటే, పేపరు దించకుండానే జవాబిస్తారు. "జుట్టు పలచబడ్డట్టే నోరు గూడ జర పలచబడితే మంచిగుండు."